కట్టమ్మ కొసరు గంటె

హనుమకొండ మార్కెట్లో కట్టమ్మ పెరుగు కుండల పక్కనే మా కిరాణా కొట్టు. ఇరవై ఏళ్లుగా ఆమె నోటికీ చేతికీ నేనే సాక్షిని. నోరు గట్టిది, చెయ్యి మెత్తనిది. బేరమాడినవాళ్లను "నీకు పెరుగు లేదు, పో" అని తరిమేస్తుంది. కొన్నవాళ్లకు మాత్రం తూకం అయ్యాక ఒక గంటె కొసరు వెయ్యనిదే డబ్బా మూత పెట్టనివ్వదు.

ఈ ఎండాకాలం ఆమెకు కొత్త సరదా పుట్టింది. జీడిపప్పు మెత్తగా నూరి, చక్కెరతో పాలలో కాచి, తీపి పెరుగు తోడుపెట్టింది. పప్పు అమ్మింది నేనే. మొదటి గిన్నె నాకి మెచ్చుకున్నదీ నేనే.

కుట్టుపని చేసుకునే అనీస్ బేగం కట్టమ్మకు పాత గిరాకీ. అనీస్ కూతురు ఫిజాకు ఏడేళ్లు. ఆ పిల్లకు జీడిపప్పు పడదు. అందుకే అనీస్ బిస్కెట్ ప్యాకెట్ మీది అక్షరాలన్నీ చదివి గానీ కొనదు. చదవకుండా కొనేది ఒక్క కట్టమ్మ పెరుగే. పెరుగే కదా అని, పిల్ల సంగతి మాకెప్పుడూ చెప్పలేదు.

ఒక సోమవారం పొద్దున్నే ఆమె ఖాళీ డబ్బాతో వచ్చి నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, పెరుగుల ఏం కలిపినవ్? మా ఫిజాకు జీడిపప్పు పడది. నిన్న నీ పెరుగు తినంగనే మూతి ఉబ్బింది, ఊపిరాడలే. దవాఖానకు ఉరికినం. సూది ఏసినంక పిల్ల దక్కింది."

"ఇప్పుడెట్లున్నది బిడ్డ?"

"మంచిగనే ఉన్నది."

కట్టమ్మ ఊపిరి పీల్చుకుంది. ఆ వెంటనే రోషం వచ్చేసింది. "నేను కలిపేదాన్నా చెల్లె? పాలు, తోడు, గంతే! నీ కండ్ల ముందట్నే పోస్త, చూడు."

డబ్బా లాక్కుని మామూలు కుండలోంచి పొయ్యడం మొదలుపెట్టింది. ఒక గంటె, రెండు, మూడు. తూకం సరిపోయింది. నోరూ ఆగలేదు, చెయ్యీ ఆగలేదు. గంటె దానంతటదే పక్కనున్న తీపి కుండలో మునిగి, వచ్చి డబ్బాలో పడింది.

తెల్లటి దాని మీద తెల్లటిది. ముగ్గురం అందులోకే చూస్తున్నాం.

"నా చెయ్యిరిగిపోను!" అంటూ కట్టమ్మ కూలబడింది. "నిన్న గూడ గిట్లనే, పిల్ల తీపి తింటదని ఏసిన..."

అనీస్ డబ్బా అక్కడే వదిలి వెళ్లిపోయింది.

మరునాటి నుంచి తీపి కుండ రాలేదు. పాత కుండలూ గంటెలూ మూతలూ అన్నీ మారిపోయాయి. "వేరే గంటె పెట్టుకుంటే చాలదా?" అని నేను నోరు జారాను.

"నా చెయ్యి నా మాట ఇనదని చూసినవ్ గద! నీ పప్పు అమ్ముడుపోదని ఫికరా?"

ఆ రోజు నుంచి కట్టమ్మ వచ్చినవాళ్లనల్లా "మీ ఇంట్ల ఎవరికన్న ఏదన్న పడదా?" అని అడగడం మొదలుపెట్టింది. విసుక్కున్నవాళ్లకు తిట్లు ఉచితం. ఫిజా కోసం రోజూ ఒక చిన్న కుండ, మూతికి గుడ్డ కట్టి తెచ్చేది. సాయంత్రం అలాగే తీసుకెళ్లేది.

పదకొండో రోజున అనీస్ వచ్చింది. కొత్త గంటె చూసింది, గుడ్డ విప్పి చూసింది. "తీపిది చేస్తలేవు గద అక్కా?"

"ఇంట్ల పప్పే లేదు చెల్లె."

అనీస్ కుండ తీసుకెళ్లింది. ఆ రోజంతా కట్టమ్మ ఎవరినీ తిట్టలేదు. మార్కెట్ మొత్తం భయపడింది.

తెల్లవారి జనం మధ్యలోంచి ఫిజా పరుగెత్తుకొచ్చింది. వెనక అనీస్ నవ్వుతూ వస్తోంది.

"అమ్మమ్మా, నా మూతి చూడు! రెండు గిన్నెలు తిన్న. ఏం కాలే!"

కట్టమ్మ ఆ పిల్ల గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. పెదవులు తడిమింది. తర్వాత గుండెకు హత్తుకుని, నడి మార్కెట్లో బావురుమని ఏడ్చింది. మధ్యమధ్యలో నవ్వింది కూడా.

డబ్బాలు పట్టుకుని నిలబడ్డవాళ్లకు ఆ పూట పెరుగు పోసింది నేనే. నాకూ కళ్లు సరిగా కనపడలేదు. ఎవరికెంత పోశానో దేవుడికే తెలియాలి.