నేనే పెట్టిన కుదుపు

2022లో, వానలు పట్టుకునే ముందు జరిగిన సంగతి ఇది. తిరుపతిలో కరకంబాడి రోడ్డు మీద నాకు చిన్న కార్ల షెడ్డు ఉంది. నేను చదివింది ఐదో తరగతి. ఇంతకు ముందు ఎప్పుడూ ఏదీ రాయలేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి. ఇంజన్ సంగతి మాత్రం తప్పు చెప్పను.

మునిరత్నం టైలర్. తిరుమలలో కుట్టు అంగడి, కాపురం అలిపిరి దగ్గర. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్లూ పడిపోయాయి. ఒక పాత ఆటోమేటిక్ కారు కొని, చేత్తో నడిపేలా మార్పించుకున్నాడు. స్టీరింగు పక్కన ఒక కడ్డీ ఉంటుంది. ముందుకు తోస్తే బ్రేకు, తన వైపు లాగితే యాక్సిలరేటరు. రోజూ దాంట్లోనే కొండకు పోయి వస్తాడు.

ఆ రోజు భార్య కస్తూరితో కలిసి వచ్చాడు. ముందు బంపరు ఎడమ పక్కంతా గీసుకుపోయి ఉంది. ఘాట్‌లో మలుపు తిరిగి ఎక్కుతుంటే బండి ఉన్నట్టుండి ముందుకు దూకిందట. పిట్టగోడను రాసుకుపోయింది. ఇట్లా కావడం మూడోసారి అని కస్తూరి చెప్పింది. బండి అమ్మేసి బస్సులో పొమ్మని ఇంట్లో అందరూ పట్టుబట్టారట.

“నువ్వే తేల్చన్నా,” అంది నాతో. “బండి బాగలేదా, ఈయనకు సేతగాదా?”

మునిరత్నం నా వైపు చూడలేదు. “బస్సంటే నన్ను ఇద్దరు ఎత్తి కూసోబెట్టాల. దించేదానికి ఇంకో ఇద్దరు. ఈ బండిలో పోతే నన్ను ఎవురూ ఎత్తే పన్లేదన్నా,” అన్నాడు.

బానెట్ ఎత్తాను. అది ఆ కారుతో వచ్చిన ఇంజన్ కాదు, పాత ఓనరు చెన్నై నుంచి తెచ్చి వేయించిందని మునిరత్నం చెప్పాడు. దాంట్లో వేరియబుల్ వాల్వ్ లిఫ్ట్ అనే ఏర్పాటు ఉంటుంది. ఇంజన్ గాలి పీల్చుకునే తలుపులు వాల్వులు. వాటిని నొక్కి తెరిచేవి క్యాములు. ఈ ఇంజన్లో క్యాములు రెండు రకాలు. నిదానంగా తిరిగేటప్పుడు చిన్న క్యాము వాల్వును కొంచెం తెరుస్తుంది. వేగం పెరిగాక ఆయిల్ ప్రెషర్ ఒక పిన్నును తోస్తుంది, అది పోయి తగులుకోగానే పెద్ద క్యాము పని అందుకుని వాల్వును ఇంకా ఎక్కువ తెరుస్తుంది. నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగినప్పుడు ఈ మార్పు జరగాలో కంట్రోలర్ అనే చిన్న పెట్టె చెబుతుంది.

ఆ పెట్టె డాష్‌బోర్డు కింద ఉంది. దాని మీద ఎర్ర పెయింటు చుక్క ఉంది. నేను బిగించిన వాటికి నేను పెట్టుకునే గుర్తు అది. అప్పుడు గుర్తొచ్చింది, పాత ఓనరు కాలేజీ కుర్రాడు, కిక్ బాగా తెలియాలని అడిగితే క్యాము మారేది ఐదు వేల నాలుగు వందల చుట్ల దగ్గర పెట్టి ఇచ్చాను. అట్లా పెడితే బండి అక్కడిదాకా మందంగా వచ్చి, ఆ తర్వాత వీపు సీటుకు కొట్టుకునేలా దూకుతుంది. కుర్రాళ్లు దాన్నే పవర్ అంటారు. నేనూ అదే అనుకునేవాడిని.

అప్పుడు చెప్పడానికి ధైర్యం చాలలేదు. మర్నాడు పొద్దున్నే అతని పక్కన కూర్చుని కొండకు పోయాను. మూడో మలుపులో బండి దూకింది. మనమైతే కాళ్లు అదిమి నిలదొక్కుకుంటాం. అతనికి ఆ వీలు లేదు. ఒళ్లు వెనక్కి పోయింది, ఒంటితో పాటు చెయ్యి, చేత్తో పాటు కడ్డీ. యాక్సిలరేటరు ఇంకా ఎక్కువ లాగినట్టయింది. అతను పళ్లు బిగించి స్టీరింగు తిప్పి గోడ తగలకుండా కాచుకున్నాడు. రోజూ ఇన్ని మలుపుల్లో ఇట్లా కాచుకుంటున్న మనిషి గోడను మూడుసార్లే తాకాడంటే, అతనికి చేతగాక కాదు.

పైకి పోయాక అతని అంగట్లో కూర్చుని, ఆ పెట్టె పెట్టింది నేనేనని చెప్పేశాను. అతను చేతిలో కత్తెర పక్కన పెట్టాడు.

“అయితే దాన్ని ఎట్ట దారికి తేవాల్నో నీకే తెలిసుండాల,” అన్నాడు.

నిజానికి నాకు తెలియదు. అందాజుగా మూడు వేలకు దించాను. దూకడం ఆగింది కానీ బండికి ఎక్కే శక్తి పోయింది. నిదానంగా తిరిగేటప్పుడు పెద్ద క్యాము అందుకుంటే ఇంజన్‌కు గాలి సరిగా పట్టదు. మూడు వేల ఐదు వందలు పెట్టాను, తర్వాత ఐదు వేలు, ఏదీ కుదరలేదు. మూడు రోజులు ఆ మనిషిని తిప్పించాను. నాలుగో రోజు అతను నవ్వుతూనే అడిగాడు.

“ఏమన్నా, నువ్వు కొలత తీసుకోకుండానే గుడ్డ కత్తిరిస్తావా?”

పాతికేళ్లుగా చెవితో విని పని చేసినవాడిని. ఆ మాట గట్టిగా తగిలింది. పవర్ కొలిచే డైనో అనే మిషను మా దగ్గర లేదు. ఎట్లా కొలవాలో ఇద్దరం కూర్చుని ఆలోచించాం. ఆదివారం పొద్దున రేణిగుంట దాటాక, బండ్లు తిరగని సమమైన రోడ్డు చూసుకున్నాం. గేరు రెండులోనే నిలిపి, రెండున్నర వేల నుంచి ఆరు వేల దాకా అతను కడ్డీ నిండుగా లాగాడు. నేను చుట్లు చూపించే మీటరును ఫోన్లో వీడియో తీశాను. ఒకసారి చిన్న క్యాము ఒక్కటే పని చేసేలా, ఇంకోసారి మొదటి నుంచీ పెద్ద క్యామే పని చేసేలా. తర్వాత వీడియోను నిదానంగా నడిపి, ఒక్కో ఐదు వందల చుట్లు పెరగడానికి ఎంతసేపు పట్టిందో రాసుకున్నాం. తక్కువసేపు పడితే ఎక్కువ బలం ఉన్నట్టు.

మునిరత్నం బ్లౌజులకు కొలతలు గీసే ఖాకీ కాగితం పరిచాడు. బలం ఎక్కువున్న చోట గీత పైకి పోయేలా, చిన్న క్యాముకు నీలం సుద్దతో, పెద్ద క్యాముకు ఎర్ర సుద్దతో గీశాడు. నీలం గీత మొదట పైన ఉండి, నాలుగు వేలు దాటాక వంగి కిందికి జారింది. ఎర్ర గీత కింద మొదలై పైకి లేచింది. నాలుగు వేల రెండు వందల దగ్గర రెండూ ఒకదాన్నొకటి దాటాయి. నేను పెట్టిన ఐదు వేల నాలుగు వందలు ఎక్కడో దూరంగా ఉంది. ఈ రెండు చోట్ల మధ్య నీలం గీత ఎర్ర గీత కన్నా కిందికి జారిన మేర ఒక గుంత కనబడింది. అతను దాన్ని సుద్దతో నింపాడు.

“సూడన్నా. బండి ఈ గుంతలో పడి, ఈడికొచ్చి ఎగిరి బయటికొస్తా ఉండాది. దీన్నే నువ్వు కిక్ అని ఇచ్చినావు.”

అంతకాలం బలం అని నేను బిగించి ఇచ్చింది, అంతకు ముందు పోగొట్టిన బలం. కాగితం మీద చూసేదాకా తెలియలేదు.

అతను అంతటితో ఆగలేదు. నాలుగు వేల రెండు వందల చుట్లంటే ఒక్కో వాల్వు సెకనుకు ఎన్నిసార్లు తెరుచుకుంటుందని అడిగాడు. రెండు చుట్లకు ఒకసారి అన్నాను. లెక్కేసి, ముప్పై ఐదుసార్లు అన్నాడు. చిటికెన వేలి కొనంత పిన్ను, వాల్వు మూసుకుని మళ్లీ తెరుచుకునే ఆ కాస్త సందులో దూరి తగులుకోవాలి. ఎన్ని ఇంజన్లలో ఆ పిన్నును విప్పి, కిరసనాయిల్లో కడిగి, మళ్లీ పెట్టానో నాకే గుర్తు లేదు. అది ఇంత పని చేస్తుందని ఒక్కనాడూ తలుచుకోలేదు.

నాలుగు వేల రెండు వందలకు పెట్టి కొండకు పోయాం. అన్ని మలుపులూ సాఫీగా పోయాయి కానీ, ఒక ఏటవాలు మలుపులో ఇంజన్ సరిగ్గా ఆ చుట్ల దగ్గరే ఊగుతూ ఒక క్యాము నుంచి మరో క్యాముకు మారుతూ ఎక్కిళ్లు పెట్టింది. తగులుకునే చోటూ వదిలే చోటూ ఒకటే కాకూడదని అప్పుడు అర్థమయింది. తగులుకోవడం నాలుగు వేల రెండు వందల దగ్గర, వదలడం మూడు వేల తొమ్మిది వందల దగ్గర పెట్టాను. పెద్ద క్యాము ఎక్కువ గాలి పీలుస్తుంది కాబట్టి అక్కడ పెట్రోలు కూడా కొద్దిగా పెంచాను.

చివరిసారి కస్తూరి కూడా వచ్చి వెనక సీట్లో కూర్చుంది. మొదటి మలుపు నుంచీ ముందు సీటును గట్టిగా పట్టుకునే ఉంది. నేను మీటరు వైపే చూస్తున్నాను. ముల్లు నాలుగు వేల రెండు వందలు దాటింది, తగ్గింది, మళ్లీ దాటింది. నా ఒంటికి ఏమీ తెలియలేదు. మునిరత్నం చెయ్యి కడ్డీ మీద కదలకుండా ఉంది.

సగం కొండ ఎక్కాక కస్తూరి అడిగింది. “ఇంకా కుదపలేదేంది?”

“పదిసార్లు మారిందిమే,” అన్నాడు మునిరత్నం.

ఆమె సీటు వదిలి చేతులు ఒళ్లో పెట్టుకుంది. బస్సు మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పటికీ కుర్రాళ్లు కిక్ కావాలని వస్తారు. రెండు గీతలు గీసి చూపిస్తాను. కొందరు వింటారు, కొందరు ఇంకో షెడ్డుకు పోతారు. ఎవరు వచ్చినా ముందు ఒకసారి పక్కన కూర్చుని బండిలో పోయి వస్తాను. నడిపే మనిషి ఎట్లా కూర్చుంటాడో, దేన్ని ఆసరాగా పట్టుకుంటాడో చూడకుండా ఏ బండికీ నేనిప్పుడు చుట్ల నంబరు పెట్టడం లేదు.