పిట్టలను తిట్టే అహరోను సార్

“ఎన్నిసార్లు చెప్పాలె నీకు? సిగ్గు లేదా? గీడ ఇల్లు కట్టకని నిన్ననే గదా చెప్పిన! పెండ్లాం వస్తదని ఎగిరెగిరి కడ్తున్నవ్. రేపు మిషిన్లు వచ్చి అంతా తవ్వితే యాడికి పోతవ్ రా, అడ్డగాడిదా?”

లింగవ్వ చేలోని బాయి దగ్గర ఈ గొంతు వినగానే జీపు దిగి పరుగెత్తాను. మందమర్రి అవతల కొత్త బొగ్గు గని రాబోతోందని తెలిసినప్పటి నుంచి ఆ భూముల్లో పరిహారం కోసం ఉన్నపళంగా రేకుల ఇళ్లు లేస్తున్నాయి. ఎవడో దొరికిపోయాడు, మంచి తన్నులాట చూడొచ్చు అనుకున్నాను. తీరా చూస్తే అహరోను సార్ ఒక్కడే. బాయి నీళ్ల మీదికి వంగిన తుమ్మ కొమ్మకు సగం అల్లిన గూడు. దానికి వేలాడుతూ పసుపు తల గిజిగాడు ఆయనకు ఎదురు జవాబు చెబుతోంది.

అహరోను సార్‌కు ఉన్నది ఒకటే పిచ్చి. మనిషిని పల్లెత్తు మాట అనడు. తిట్లన్నీ పిట్టలకే.

బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. గని వచ్చే చోట ఏయే పిట్టలున్నాయో, ఎక్కడ గూళ్లు పెడుతున్నాయో లెక్కబెట్టడానికి కంపెనీ పెట్టుకుంది. నేను జీపు డ్రైవర్‌ని. లెక్చరర్‌ను ఎదురు తిట్టి డిగ్రీ మధ్యలో వదిలేసిన నన్ను పుట్టి బుద్ధెరిగి ఎవరూ ‘గారు’ అనలేదు. ఈయన మొదటి రోజే, “అరుణ్ గారూ, మీకు తకలీఫ్ కాకుంటే జర జీపు ఆపుతరా?” అన్నాడు. వెనక ఇంకెవరైనా అరుణ్ ఉన్నాడేమోనని చూశాను.

ఆయన భార్య రిబ్కమ్మ బాధ వేరు. “పెండ్లయిన కాన్నుంచి నన్ను ఒక్క మాటనలే బిడ్డా. కూరల ఉప్పెక్కువైతే పెరట్లకు పోయి గోరింకలను తిట్టొస్తడు. ఇంట్ల కూసున్న నాకు ఇనొస్తది!”

లింగవ్వకైతే సార్ తెగ నచ్చాడు. “మునుపే దొరికుంటే జొన్నచేను కావలికి పెట్టుకుందును. డబ్బా కొట్టుడన్న తప్పుతుండె,” అంది. ఆ ఏడు ఆమె జొన్న వేయలేదు. భూమి గనికి పోయింది.

ఈ తిట్ల సంగతి కంపెనీ ఆఫీసర్ ప్రేమ్‌చంద్ దాకా పోయింది. “సార్, పిట్టలను లెక్కబెట్టుమన్నం. బెదరగొట్టుమనలే!”

“మాఫ్ చేయుండ్రి సార్,” అన్నాడు అహరోను సార్ చేతులు కట్టుకుని. “లెక్క రాసినంకనే తిడ్తున్న. ముందే తిడితే లెక్క తప్పైతది గదా.”

ఒకరోజు పొద్దున బాయి దగ్గరికి పోయేసరికి సార్ నోరు మూసుకుని నిలబడ్డాడు. జ్వరమా అని అడగబోతే నా నోరు కూడా మూశాడు.

“గుడ్లు పెట్టింది,” అన్నాడు చెవిలో.

“అయితే? తిట్టవా?”

“పోచలు అల్లేటప్పుడు తిడితే, ఈ బాధ ఎందుకని ఇంకో చెట్టు చూసుకుంటదేమోనని ఆశ. గిప్పుడు తిడితే యాడికి పోతది? పాపం తగుల్తది.”

అప్పటి నుంచి ఆ గుడ్లు పిల్లలై ఎగిరిపోయే దాకా జీపును చాలా దూరంలో ఆపించాడు. నా దగ్గును కూడా అక్కడే వదిలి రమ్మనేవాడు.

నిజం చెప్పాలంటే ఒక్క పిట్ట కూడా ఆయన మాట వినలేదు. తిట్టిన కొద్దీ పక్క కొమ్మకు ఇంకో గూడు వేలాడేది. రిపోర్టు పోయింది, గనికి అనుమతి వచ్చింది. మేం చూసిన ప్రతి పిట్టా ఆ రిపోర్టులో ఉంది. బాయి మాత్రం వచ్చే వానాకాలం నిలుస్తుందో లేదో ఎవరూ చెప్పలేదు.

మోకాళ్లు మొరాయించి సార్ కరీంనగర్‌లో కూతురు ఏంజెల్ ఇంటికి మకాం మారుస్తుంటే బస్సు దాకా నేనే దించాను. ఎక్కబోతూ ఆగాడు.

“అరుణ్ గారూ, మీకు తకలీఫ్ కాకుంటే ఒక్క పని. వానలు పడంగనే అవి మల్ల గా తుమ్మకే వస్తయ్. నా తిట్లకు అలవాటు పడ్డయ్, బుగులు పోయింది. మీ నోరు గట్టిది. పోచలు తెస్తున్నప్పుడే పోయి మంచిగ తిట్టుండ్రి. బూతులైనా ఫికర్ లేదు.”

బస్సు కదిలింది. కిటికీలోంచి తల బయటికి పెట్టి అరిచాడు.

“కానీ గుడ్లు పెట్టినంక నోరు తెరిచినవో, అరుణ్‌గా, కరీంనగర్ నుంచి వచ్చి తిడ్త!”