ఒక్కసారి పడితే ఏం పోయేది

మోకాలికి నొప్పుల తైలం రాసుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. నొప్పికి కాదు, వాసనకి. ఆ కర్పూరం ఘాటు ముక్కుకు తగిలిందంటే చాలు, ఫిలింనగర్ గుట్ట మీద మా రేకుల ఇల్లు, చాప మీద బోర్లా పడుకున్న నాన్న, పెనం మీద ఉప్పు వేయించి మూటకట్టి ఆయన వీపుకు కాపడం పెడుతున్న అమ్మ కళ్ళముందుకొచ్చేస్తారు. పొమ్మన్నా పోరు.

నాన్న సినిమాల్లో ఫైటరు. అంటే హీరో చేతిలో దెబ్బలు తిని ఎగిరిపడే గుంపులో ఒకడు. సినిమాలతో పాటే మేమూ మద్రాసు నుంచి వచ్చిపడ్డాం. అప్పటికి జూబ్లీ హిల్స్‌లో ఇన్ని అద్దాల మేడలెక్కడివి? ఇంటికంటే ఎత్తైన బండరాళ్ళు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, వానాకాలం రాతి గుంతల్లో నిలిచిన నీళ్ళు, వాటిలో కప్పపిల్లలు, దూరంగా బంగళాల గేట్ల ముందు కార్లు తుడుచుకునే డ్రైవర్లు. దసరాకి ముందు కళ్ళు విచ్చిన కాయలు కోసుకొచ్చి బియ్యం డబ్బాలో మాగబెట్టి, పండాయో లేదోనని గంటకోసారి నొక్కి చూసి అమ్మ చేత తిట్లు తినేవాళ్ళం.

ఆ రాళ్ళ మధ్య మా పిల్లల ఆట ఒక్కటే, షూటింగు. అందరికీ హీరో వేషమే కావాలి. మా అన్నయ్య మాత్రం పడతానని ముందుకొచ్చేవాడు. నాన్న దగ్గర నేర్చుకున్న విద్య మరి! పాత దూది పరుపు వాకిట్లో పరిచి, "గడ్డం గుండెకి ఆనించి పడాల్రా. చెయ్యి తగిలేలోపే పడిపోవాలి. తగిలాక పడేవాడు ఫైటరేంట్రా!" అని నాన్న నేర్పేవాడు. నేర్పేటప్పుడు ఆయన గొంతులో ఎంత ముద్దో! అన్నయ్య మీద ఒక్క దెబ్బ పడింది లేదు.

మా ఇంట్లో ఆయుధపూజ అంటే రబ్బరు కత్తులకూ, అట్ట గొడ్డళ్ళకూ, మోకాలి పట్టీలకూ పసుపు కుంకుమలు. పూజయ్యాక గారెలు, అల్లం పచ్చడి, పరమాన్నం. వాడలోవాళ్ళంతా వచ్చి తిన్నాక నాన్న గుద్దినట్టు చెయ్యి విసరడం, అన్నయ్య పరుపు మీద వెనక్కి ఎగిరిపడటం, అందరూ చప్పట్లు కొట్టడం ఏటా జరిగే వేడుక.

ఒక ఏడాది ఆ పండక్కి నాన్న కింది పెదవి వాచి ఉంది. ముందురోజు షూటింగులో హీరో చెయ్యి నిజంగానే తగిలిందట. తగిలించినవాణ్ణి వదిలేసి, టైమింగు తెలీదా అని డైరెక్టరు నాన్ననే అందరి ముందూ కడిగేశాడట. నెత్తురు తుడుచుకుంటూ నాన్నే చేతులు జోడించి తప్పయిపోయిందండీ అన్నాడట. అమ్మ వంటింట్లో పొరుగింటి మల్లమ్మత్తకు గుసగుసగా చెబుతుంటే విన్నాను.

పరుపు పరిచారు. నాన్న చెయ్యి విసిరాడు. అన్నయ్య పడలేదు. వంగి తప్పించుకుని, తన పిడికిలి నాన్న గడ్డం దాకా తెచ్చి, తగలకుండా ఆపాడు. నాన్న నేర్పినట్టే, ఖచ్చితంగా! ఆపి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ ఎదురుచూశాడు.

"ఏందన్నా గట్లనే నిలబడ్డవ్, కొడుకు కొట్టిండు గద, పడు!" అని మల్లమ్మత్త నవ్వింది. "పడు నాన్నా, పడు!" అని నేనూ గంతులేశాను.

నాన్న పడలేదు. "నా మీదే చెయ్యెత్తుతావురా!" అని చెంప ఛెళ్ళుమనిపించాడు. అన్నయ్య పడటం మరిచిపోయి అలాగే నిలబడిపోయాడు. మళ్ళీ కొట్టాడు. "పండగపూట ఇదేం పనండీ!" అని అమ్మ అడ్డం పడింది. మల్లమ్మత్త అన్నయ్యని లాక్కుని, "పసిపోరన్ని గట్ల కొడ్తరా ఎవలన్న?" అని అరిచింది.

ఇన్నేళ్ళయినా నాకు కడుపు రగిలిపోతుంది. మనిషికి కోపం నెత్తురులోనే ఉంటుందని చెప్పేవాళ్ళని చూస్తే ఇంకా మంట. నెత్తురూ లేదు, వంకాయా లేదు. ఆ కోపం ఎక్కణ్ణుంచి బయల్దేరిందో నేను చూశాను. ఇచ్చినవాడికి తిరిగివ్వలేక ఇంటిదాకా మోసుకొచ్చాడు. ముక్కూమొహం తెలియని వాళ్ళందరి చేతిలో పడ్డవాడివి, కన్నకొడుకు చేతిలో ఒక్కసారి పడితే నీ సొమ్మేం పోయేది నాన్నా? ఆ తర్వాత మా వాకిట్లో పరుపు పరిచిందే లేదు.

ఇప్పుడు ఆ బండలు లేవు, సీతాఫలాలు లేవు. మా ఇల్లున్న చోట ఏదో హోటలు వెలిసింది. అన్నయ్య మధురానగర్‌లో ఫ్లాటు కొనుక్కుని ఆఫీసు ఉద్యోగం చేసుకుంటున్నాడు. నాన్నలా తయారవ్వనని నా పెళ్ళిలో నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. నేను నమ్మాను.

మొన్న దసరాకి వాళ్ళింటికి వెళ్ళాను. అన్నయ్య ఫోనులో పై ఆఫీసరుకు "సారీ సర్, సారీ సర్" అని చెప్పి చెప్పి, మొహం గంటు పెట్టుకుని హాల్లోకి వచ్చాడు. వాడి కొడుకు టీవీలో ఫైటు చూస్తున్నవాడల్లా లేచి, నవ్వుతూ తండ్రి గడ్డం ముందు పిడికిలి ఆపాడు. నా చేతిలో గారె చేతిలోనే ఉండిపోయింది. వెనకాలే మెత్తటి సోఫా. పడు అన్నయ్యా, నీ కాళ్ళు పట్టుకుంటాను, పడు.

అన్నయ్య చెయ్యి లేచింది. అది దిగేలోపే పిల్లాడు, బాగా అలవాటైనవాడిలా, గడ్డం గుండెకి ఆనించుకుని గచ్చు మీద పడిపోయాడు. వాడికి పడటం మా నాన్న నేర్పలేదు. నాన్న పోయాకే వాడు పుట్టాడు.