అన్నయ్య ఇచ్చిన అడాప్టర్

బందరు కోర్టు ఎదుటి వీధిలో సత్యవాణి డీటీపీ సెంటరు తెలియని వకీలు గుమస్తా ఉండడు. నేనూ ఒక గుమస్తానే, వకీలు వెంకట్రామయ్య గారి దగ్గర. ఆయన చెప్పింది నేను రాసుకొచ్చేవాణ్ని, సత్యవాణి టైపు చేసేది. నా చేతిరాత నాకే అర్థం కాదు, ఆమెకు మాత్రం అర్థమయ్యేది. టైపులో లోయరూ హయ్యరూ పాసైన మనిషి. మిషన్లు పోయి కంప్యూటర్లు వస్తే, మూతి ముడుచుకోకుండా అదీ నేర్చుకుంది. భర్త వేదవ్యాస్ గారు గుడివాడలో ఒక కాలేజీ ఆఫీసులో ఉద్యోగి. పొద్దున పామర్రు మీదుగా బస్సెక్కితే చీకటి పడ్డాకే రాక. కొట్టు మంచిచెడ్డలన్నీ ఆమెవే.

ఆమెకు తోడబుట్టినవాళ్లు లేరు. రెండు కొట్ల అవతల నెట్ సెంటరు పెట్టిన పాండురంగ ఆ లోటు తీర్చాడు. మొదటి రోజు నుంచీ "చెల్లెమ్మా" అనే పిలిచాడు. ఏటా దీపావళి వెళ్లిన రెండోనాడు భగినీ హస్త భోజనానికి ఆమె ఇంటికే వెళ్లేవాడు. సత్యవాణి ఆ రోజు కొట్టు తీసేది కాదు. పూర్ణాలూ పులిహోరా చేసి, అరిటాకు వేసి, సొంత అన్నకు వడ్డించినట్టే కొసరి కొసరి వడ్డించేది. ఒకసారి నేనూ పంక్తిలో కూర్చున్నాను కనక చెప్తున్నాను, ఆ పెద్దమనిషి మారు పెట్టించుకోకుండా లేవలేదు.

రెండువేల ఏడులో అనుకుంటాను, వకీళ్లందరికీ తీర్పులు ఇంటర్నెట్లోంచి కావలసి వచ్చాయి. అప్పుడు పాండురంగ వేలెడంత వైర్‌లెస్ అడాప్టర్ ఒకటి తెచ్చాడు. "తీగ లాగే పనే లేదు చెల్లెమ్మా. ఇది నీ సిస్టానికి తగిలిస్తే మా కొట్లో నెట్ నీ కొట్లోకి వచ్చేస్తుంది" అన్నాడు. పైసా పుచ్చుకోలేదు. పచ్చదీపం మిణుకు మిణుకుమంటుంటే సత్యవాణి మొహం కూడా అలాగే వెలిగింది.

ఆ తర్వాతే కంప్యూటరు హ్యాంగ్ అవడం మొదలుపెట్టింది. బాణం గుర్తు ఉన్నచోటే నిలబడిపోయేది. మూలనున్న గడియారం కూడా ఆగిపోయేది. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. స్విచ్ కట్టేసి మళ్లీ వేస్తే, సేవ్ చేయనిదంతా గంగలో కలిసినట్టే. పేరా పేరాకీ సేవ్ చేయడం అలవాటు చేసుకుంది. అయినా ఏదో ఒకటి పోయేది.

పిలిచిన ప్రతిసారీ పాండురంగ పరిగెత్తుకొచ్చేవాడు. ఆమె లేచి తన కుర్చీ అతనికిచ్చి కాఫీకి చెప్పేది. అతను వైరస్ అన్నాడు. ర్యామ్ ఊడదీసి రబ్బరుతో రుద్దాడు. దుమ్మన్నాడు, యూపీఎస్ అన్నాడు, ఒకసారి మొత్తం ఫార్మాట్ కొట్టాడు. సిస్టం వెనకాల మిణుకుమంటున్న అడాప్టర్ జోలికి మాత్రం వెళ్లలేదు. చివరికి, "సిస్టం ముసలిదైపోయింది చెల్లెమ్మా. అర్జెంటు పనులేవైనా ఉంటే మొహమాటపడకుండా మా కొట్టుకు పంపించు, మన పిల్లలు టైపు కొట్టేస్తారు" అన్నాడు. ఆమె పంపించింది. వెళ్లిన పని మళ్లీ వెనక్కి వస్తుందా? పామర్రు వైపు నుంచి కోర్టు పనుల మీద వచ్చే పార్టీలు బస్సు దిగి నేరుగా అతని కొట్టుకే నడవడం మొదలుపెట్టారు.

దసరా సెలవులకు ముందు మా వకీలు గారికీ ఓపిక నశించింది. ఒక పిటిషను సగంలో ఆగిపోయి, పార్టీ ముందు ఆయన పరువు పోయింది.

"సత్యవాణమ్మా, నీ పని మీద నాకు నమ్మకం ఉంది, నీ మిషను మీద లేదు. కోర్టు తెరిచిన రోజే వేయాల్సిన అప్పీలు ఒకటుంది. ఇది నీ దగ్గరే. ఇది కూడా ఆగిందంటే ఇక నన్నేం అనుకోకు" అన్నారు.

ఆయన పని పోతే ఆ కొట్టుకు తాళమే. అది ఆమెకూ తెలుసు.

దసరానాడు ఆయుధపూజ చేసింది. కంప్యూటరుకు పసుపు కుంకుమలు పెట్టింది. అన్నయ్య ఇచ్చిందని అడాప్టర్‌ను ప్రత్యేకంగా ఊడదీసి, పళ్లెంలో పెట్టి, దాని మీద బంతిపూవు ఉంచింది. మర్నాడు చూస్తే దాని మూతిలోకి తడి కుంకుమ దిగింది. ఆరేదాకా తగిలించకూడదనుకుని, అది లేకుండానే అప్పీలు మొదలుపెట్టింది.

మిషను ఆగలేదు. ఆ రోజూ ఆగలేదు, మర్నాడూ ఆగలేదు. అప్పీలు అచ్చయి కాగితాల కట్ట నా చేతికొచ్చింది. అప్పుడు ఆమెకు అనుమానమొచ్చి, అడాప్టర్ తుడిచి తగిలించింది. నేను పక్కనే ఉన్నాను. కాసేపటికి మూలనున్న గడియారం ఆగిపోయింది. ఊడదీసి స్విచ్ వేస్తే మళ్లీ బుద్ధిగా పనిచేసింది. మళ్లీ తగిలిస్తే మళ్లీ ఆగింది.

సత్యవాణి చిన్నపిల్లలా నవ్వింది. "పాపం అన్నయ్య ఎంత అవస్థ పడ్డాడో. ముందు ఆయనకు చెప్పాలండీ" అంటూ అడాప్టర్ పుచ్చుకుని బయల్దేరింది. నేనూ వెనకాలే వెళ్లాను.

కొట్లో పాండురంగ భార్య అన్నపూర్ణ కూర్చుని ఉంది. సత్యవాణి చేతిలోది చూడగానే గుర్తుపట్టింది.

"ఇది నీ దగ్గరుందా వదినా? మా మూల సిస్టానికి ఉండేది. పెట్టిన దగ్గర్నుంచీ ఒకటే హ్యాంగ్. కుర్రాళ్లు గోల చేస్తే ఈయనే పీకేశారు. పారేశారనుకున్నాను."

పాండురంగ లోపలి గదిలోంచి వచ్చాడు. అంతా విన్నాడని మొహమే చెప్పింది.

"చెప్దామనే అనుకున్నాను చెల్లెమ్మా" అన్నాడు.

"ఎప్పుడన్నయ్యా?"

నాకు ఒళ్లు మండింది. ఆ అప్పీలు కట్టతోనే ఒక్కటివ్వాలనిపించింది. సత్యవాణి మాత్రం అడాప్టర్‌ను అతని బల్ల మీద పెట్టి వచ్చేసింది. తన కొట్లోకొచ్చి కూర్చున్నాక ఏడ్చింది. "పని పోతే పోయిందండీ, మళ్లీ వస్తుంది. ర్యామ్ రుద్దుతున్నప్పుడు కూడా ఆయనకు తెలుసు కదండీ" అంది.

కోర్టు తెరిచిన రోజు అప్పీలు పడింది. మా వకీలు గారి పని ఆమె దగ్గరే ఉండిపోయింది.

దీపావళి వెళ్లింది. రెండోనాడు నేను వెళ్లేసరికి కొట్టు తీసే ఉంది, ఆమె టైపు చేస్తోంది. భోజనాల వేళకు పాండురంగ ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో పసుపూ కుంకుమా చీరా ఉన్న సంచీతో గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇవాళ కొట్టు తీశావేంటి చెల్లెమ్మా?"

ఆమె కుర్చీలోంచి లేవలేదు. తల మాత్రం ఎత్తి చూసింది.

"రండి పాండురంగ గారూ. ఏం టైపు చేయాలండీ?"