పీరు సవారికి తీయని కరెంటు

2023 వానాకాలం. అప్పటికి పటాన్‌చెరు నుంచి బొంతపల్లి వైపు ఉన్న ఊళ్లలో లైన్‌మన్‌గా నాకు పద్దెనిమిదేళ్లు నిండాయి. కరెంటు పోతే తప్ప మేము ఎవరికీ గుర్తురాం. కానీ ఏ ఊళ్లో ఏ దేవుడు ఏ వీధిలో ఊరేగుతాడో మాకు తెలిసినట్టు పూజారులకు కూడా తెలియదు. ప్రతి ఊరేగింపు మీదా ఒక తీగ ఉంటుంది మరి.

మా పనిలో ఎల్‌సీ అని ఒకటుంది, లైన్ క్లియర్. తీగ దగ్గర పని పడితే సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి సప్లై ఆపిస్తాం. ఎవరు ఆపించారు, ఎందుకు, ఎంతసేపు అన్నది అక్కడి లాగ్‌బుక్‌లో రాస్తారు. నేను పని అయిపోయిందని చెప్పేదాకా ఆ లైన్‌లోకి కరెంటు వదలరు.

మా అన్న ఉండే ఊళ్లో ఏటా మొహర్రంకు వచ్చే పీర్ల పండుగ పదో రోజున నేను ఎల్‌సీ తీసుకునేవాణ్ణి. పెద్ద పీరును పొడవాటి బొంగుకు కట్టి, నిలువుగా ఎత్తుకొని సవారి తీస్తారు. పీర్ల కొట్టం దాటాక మలుపులో పదకొండు కేవీ తీగ అడ్డం. రోడ్డు మీద రోడ్డు పోసి నేల పైకి లేచింది, తీగేమో వేలాడింది. పీరును వంచకూడదు. అరగంట సప్లై ఆపితే, పీరు తీగను రాసుకుంటూ పోయినా ఎవరికీ ఏమీ కాదు. ఊళ్లో పాతకాలం నుంచి ఉన్న ముస్లింల ఇళ్లు రెండే. పీరును మోసేదంతా మా హిందువులే. పిల్లలు నిలవక మా వదిన ఆ పీరుకు మొక్కుకున్నాకే మా నవీన్ పుట్టాడు.

ఊరేగింపు అని రాయిస్తే పోలీసు పర్మిషన్ జతచేయాలి. కొమ్మలు కొట్టడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. నాకు పని నేర్పిన సీనియర్ "చెట్టు కొమ్మలు కొట్టుట" అని రాయించేవాడు. ఎందుకొచ్చిన పరేషాన్ అని నేనూ ఏటా అదే రాయించాను.

ఈలోగా ఊరు ఊరులా లేకుండా పోయింది. పొలాలు ప్లాట్లయ్యాయి. గొడ్లను కట్టేసిన చోట కిరాయి గదులు లేచాయి. ఫ్యాక్టరీల పనికి బీహార్, బెంగాల్, ఒడిశాల నుంచి జనం దిగారు. వాళ్లలోని ముస్లింలు ఒక రేకుల షెడ్డులో నమాజు మొదలుపెట్టారు. మా పిల్లలూ, కొత్తగా వచ్చిన హిందువుల పిల్లలూ కలిసి యూత్ సంఘం పెట్టుకున్నారు. దానికి సెక్రటరీ మా నవీనే. ఆ ఎండాకాలం టీ కొట్టు దగ్గర చిన్న గొడవైతే, సంఘం వాళ్లు గదుల్లోకి పోయి ముస్లింలను మాత్రమే ఆధార్ కార్డులు చూపించమన్నారు. అప్పటినుంచి ఒకరి మొహం ఒకరు చూడటం లేదు.

పండుగకు వారం ముందు మా పై అధికారి, అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ), రెండు కాగితాలు నా ముందు పెట్టాడు. హిందువులతో పీర్లు మోయించొద్దు, అందుకోసం కరెంటు ఆపొద్దు అని సంఘం రాసింది. దాని కింద నవీన్ సంతకం ఉంది. పీర్లు ఎత్తడం మా మతంలో లేదు, దానికి కరెంటు ఆపొద్దు అని రేకుల షెడ్డు వాళ్లు రాశారు. ఊళ్లో వాళ్లు ఒప్పుకున్నది ఆ ఒక్క మాట మీదే.

షెడ్డు పెద్ద అన్వర్ అనే బీహారీ వెల్డర్. నేనే పోయి కలిశాను. చెడ్డవాడు కాదు. ఆధార్ అడిగిన రోజు తమను ఏ పీరూ కాపాడలేదని, తనవాళ్లంతా ఒక్కలాగా ఉంటేనే ఇక్కడ బతకగలరని హిందీలో నిదానంగా చెప్పాడు.

పీర్లను కనిపెట్టుకొని ఉండే ముజావర్ దస్తగిరి తాత. ఈసారి పోలీసు పర్మిషన్ లేనిదే ఎల్‌సీ ఇవ్వనని ఏఈ అనడంతో ఆయన దానికోసం పోతే, మీ మత పెద్దల లెటర్ తెమ్మని పోలీసులు అన్నారు. అన్వర్ వాళ్లు ఇవ్వలేదు. పంచాయతీకి పోతే, అది మీ మతం సంగతి, మీవాళ్లతోనే రాయించుకోమన్నారు. చివరికి నన్ను పట్టుకొని ఏఈ దగ్గరికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

ఏఈ నిజంగానే దారి వెతికాడు. ఇదివరకు ఈ సవారికి ఎల్‌సీ ఇచ్చిన రికార్డు ఒక్కటి ఉన్నా చాలు, ఏటా జరిగే మామూలని రాసి సంతకం పెడతానన్నాడు. తాత మొహం విప్పారింది.

"మా మల్లేశం ఏటా తీస్తడు సార్. బుక్కుల ఉంటది, సూడుండ్రి," అన్నాడు నన్ను చూపిస్తూ.

పాత లాగ్‌బుక్కులు తెప్పించారు. ఏఈ పేజీలు తిరగేశాడు. "అంత కొమ్మలు కొట్టుడే ఉన్నది. పీరేది ఇండ్ల?"

తాత నా వైపు చూశాడు. కొమ్మలు అని రాసిందంతా పీరేనని నేను ఒక్క ముక్క చెబితే అయిపోయేది. చెబితే పద్దెనిమిదేళ్లు దొంగ రాతలు రాయించానని సస్పెండ్ చేస్తారేమోనని భయపడ్డాను. నేలచూపులు చూస్తూ నిలబడ్డాను.

పదో రోజు సాయంత్రం ముసురు. పీరుతో నలుగురే వచ్చారు, నలుగురూ ముసలివాళ్లే. తీగ కింద జనం చేరకుండా చూడమని నన్ను అక్కడ డ్యూటీ వేశారు. అవతల నవీన్ ఫోన్‌తో వీడియో తీస్తున్నాడు.

"కరెంట్ తీసినవా బిడ్డా?" అన్నాడు తాత.

"తియ్యలే తాతా."

ఆయన తీగకేసి చూసి, "వంచుడైతే లేదు. పండవెట్టుండ్రి," అన్నాడు. పీరును దించి, అడ్డంగా పడుకోబెట్టి, నలుగురూ భుజాల మీదికి ఎత్తుకున్నారు. అచ్చం పాడెను మోసినట్టే మోశారు. సవారి వస్తే వాకిట్లో పీరు ఎత్తినవాళ్ల కాళ్ల మీద నీళ్లు పోయడం మా ఆడవాళ్ల ఆనవాయితీ. మా వదిన బిందెతో బయటికి వచ్చి, అలాగే నిలబడిపోయింది.

"గిప్పుడు పొయ్యాల్నా, వద్దా?" అని అడిగింది.

నలుగురూ ఆగకుండా వాకిలి దాటిపోయారు. వదిన నీళ్ల బిందెతోనే లోపలికి పోయింది.

మర్నాడు తాత పీర్లను పెట్టెలో పెట్టి తాళం వేశాడు. కొన్నాళ్లకు సదాశివపేటలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు, ఆ చలికాలమే పోయాడు. కొట్టంలో ఇప్పుడు పార్శిల్ సామాను పెడుతున్నారు. వినాయకుడి ఎత్తుకు తీగ అడ్డమని సంఘం, కొత్త కమానుకు అడ్డమని షెడ్డు వాళ్లు మళ్లీ చెరో అర్జీ పెట్టారు. ఈసారి జల్దీ శాంక్షన్ వచ్చింది. ఎత్తు స్తంభాలు వేశారు. తీగ లాగింది నేనే. ఇప్పుడు పెద్ద పీరు ఆ మలుపులో నిటారుగా పోవచ్చు, కరెంటు తీయాల్సిన పని కూడా లేదు.

కొత్త లైన్‌మన్లకు నేను చెప్పేది ఒకటే: చేసిన పని చేసినట్టే రాయించండి. వాళ్లు తలూపుతారు. ఆ రోజు నేను నోరు తెరవకపోయినా, ఏఈని బండెక్కించుకుని ఆ మలుపు దాకా తీసుకెళ్లి ఉంటే సరిపోయేది. ఆయన కళ్లతోనే చూసేవాడు. కొమ్మలు కొట్టడానికి అక్కడ ఏనాడూ ఒక్క చెట్టు లేదు.