గొట్టం మీద రెండు దెబ్బలు

ఆయన్ని అందరూ ఆవిరాయన అనేవారు. అసలు పేరు జీతాల రిజిస్టర్లో ఉండే ఉంటుంది గానీ, ఆ పేరుతో నోరారా పిలిచినవాళ్ళు లేరు. ఊళ్ళో ఆసుపత్రులన్నిటి దుప్పట్లూ ఉతికే లాండ్రీ ఒకటుంది. దాని వెనక రేకుల షెడ్డులో రెండు బాయిలర్లు. వాటి ముందు ఇరవై ఆరేళ్ళు గడిపాడు. ఆ వేడికి ఒంటి మీద చొక్కా నిలవదు, ఆ హోరుకి మాట వినపడదు. అందుకే ఆయనకి మాట్లాడే అలవాటు పోయిందని కొందరంటారు. ఉత్తమాట. పెళ్ళినాటికే ఆయన నోట్లో నాలుక లేని మనిషి.

భార్యదీ అదే లాండ్రీ. మడతల బల్ల దగ్గర పద్ధెనిమిదేళ్ళు దుప్పట్లు మడిచింది. ఆవిడ ఇద్దరి వాటా మాటలూ ఒక్కతే మాట్లాడేసేది కాబట్టి ఇంట్లో లోటేమీ కనపడేది కాదు.

బాయిలర్‌కి పక్కన నిలువుగా ఒక గాజుగొట్టం ఉంటుంది. లోపల నీళ్ళు ఎంతవరకున్నాయో అందులో చూసుకోవాలి. నీళ్ళు అడుగంటాక కూడా కింద మంట పెడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? ఆ షెడ్డులో రెండు గాజుగొట్టాలకీ ఒకటే జబ్బు. కింది కుళాయిలో సున్నం పేరుకుపోయి, బాయిలర్లో నీళ్ళు దిగిపోయినా గొట్టంలో మాత్రం నిండుగా కనిపించేవి. బాగుచెయ్యాలంటే మంట ఆర్పి ఒక పూట పని ఆపాలి. పూట ఆపితే ఆసుపత్రులకి దుప్పట్లు వెళ్ళవు. మేనేజరుని అడిగితే వచ్చే వారం చూద్దామనేవాడు. ఆ వచ్చే వారం నాలుగేళ్ళయినా రాలేదు.

ఈలోగా ఆవిరాయన తన తంటాలు తను పడ్డాడు. స్పానర్‌తో కుళాయి మీద రెండు దెబ్బలు వేస్తే సున్నం కదిలి, గొట్టంలో నీళ్ళు జర్రున అసలు మట్టానికి దిగేవి. గంటకోసారి రెండు దెబ్బలు. పోనుపోను అది చెయ్యి దానంతటది చేసుకుపోయే పనైంది. ఆవలించేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటామే, అలాగన్నమాట. తను కొడుతున్నట్టు తనకే గుర్తుండేది కాదు.

భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. పని లేక తిరుగుతుంటే ఆవిరాయనే మేనేజరు కాళ్ళావేళ్ళా పడి షెడ్డులో పెట్టించాడు. మూడు వారాలు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. బొగ్గు ఎలా వెయ్యాలి, పంపు ఎప్పుడు తిప్పాలి, ఏ వాల్వు జోలికి పోకూడదు, అన్నీ చెప్పాడు. రెండు దెబ్బల సంగతి చెప్పలేదు. దాచాలని కాదు, మరిచిపోయీ కాదు. అదొక చెప్పాల్సిన సంగతని ఆయన బుర్రకి తట్టనే లేదు.

బావమరిది మొదటిసారి ఒంటరిగా డ్యూటీ ఎక్కిన రోజు, మధ్యాహ్నం రెండింటికి, అంతా చూసుకుని, ఇంకేమైనా ఉందా బావా అని అడిగాడు. అంతా బాగానే ఉంది అని చెప్పి ఈయన ఇంటికొచ్చాడు. కాళ్ళు కడుక్కుంటుండగా బాయిలర్ పేలిన చప్పుడు వినిపించింది.

కుర్రాడు మూడు రోజులు బతికాడు. ఆసుపత్రి మంచం మీద పరిచిన దుప్పటికి అంచున లాండ్రీ గుర్తు ఉండడం ఆవిరాయన చూశాడు. విచారణకి వచ్చినవాళ్ళు బాయిలర్ లోపలి పాత ట్యూబు పగిలిందని రాసుకున్నారు. మీకేమైనా తెలుసా అని ఈయన్ని అడిగారు. తెలియదన్నాడు.

అప్పట్నుంచీ కంటి మీద కునుకు లేదు. చేతులు వణికేవి, మంచినీళ్ళ గ్లాసు పట్టుకుంటే సగం చొక్కా మీదే. డాక్టరు మాత్రలిచ్చాడు, మార్చి ఇచ్చాడు, చివరికి ఈ ఊరూ ఈ చప్పుడూ వదిలి ఎటైనా పొమ్మన్నాడు. భార్యకి గుండె తరుక్కుపోయింది. తన తమ్ముడంటే ఈయనకి ఇంత ప్రాణమా అని కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకుని కళ్ళు తుడుచుకునేది. కన్నకొడుకు పోయినా ఇంత కుంగిపోరు అనేది. ఆవిడ అలా అన్నప్పుడల్లా ఆవిరాయన గోడవైపు తిరిగి పడుకునేవాడు. నిజం చెబితే ఈవిడ తనని వదిలేస్తుంది. చెప్పకపోతే తను బతికి బట్టకట్టేది లేదు. ఆయన బాధంతా అదీ.

అడవి నరికే కంపెనీ ఒకటి కొండ మీద ఎప్పుడో వదిలేసిపోయిన చెక్క ఇల్లుంది. కాపలాగా ఎవరైనా ఉంటే చాలు, జీతం మాత్రం లేదన్నారు. బస్సు ఆఖరి స్టాపు దాకా వెళ్ళి, అక్కణ్ణించి నాలుగు గంటలు ఎక్కాలి. కరెంటు లేదు, ఫోను పలకదు. భార్య మడతల బల్లకి నమస్కారం పెట్టి, ఉద్యోగం వదిలి, ఆయన్ని వెంటబెట్టుకుని ఎక్కింది.

మొదట్లో ఆవిడ తిట్టని రోజు లేదు. నీళ్ళకి ఊట దాకా పోవాలి, దీపానికి నూనె చూసి వాడాలి, మాట్లాడదామంటే నాలుగు కోళ్ళు తప్ప దిక్కు లేదు. కోళ్ళు నయం, కనీసం తిరిగి కూస్తాయి అనేది. బంగాళాదుంపలు వేశారు, చిక్కుడు పాకించారు. తొలి ఏడాది సగం పందులు తిన్నాయి. రెండో ఏడాదికి కంచె గట్టిగా కట్టారు. ఆవిరాయన కట్టెలు చీల్చడం మొదలుపెట్టాడు. మొదట్లో పదిసార్లు వేస్తే ఒక్కటి తగిలేది. ఎనిమిదో నెలలో ఒక రోజు పొద్దెక్కేదాకా నిద్రపోయాడు. ఆవిడ భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరాడుతోంది. మొగుడి నిద్ర చూసి అంత సంబరపడిన ఆడది ఇంకొకతె ఉండదు.

కొండగాలే మందు అని ఆవిడ నమ్మకం. గాలి మంచిదే, కాదనను. కానీ ఆయన నిద్రకి అసలు కారణం వేరు. ఆ కొండ మీద బావమరిది ఊసెత్తేవాళ్ళు లేరు. భార్య కూడా, పాతవి కెలికితే మళ్ళీ జబ్బు తిరగబెడుతుందని, తమ్ముడి పేరెత్తడం మానేసింది. ఆమాత్రం నిశ్శబ్దం దొరికితే ఎవరికైనా ఒళ్ళు తేలికపడుతుంది.

ఆ ఇంట్లో చలికి ఇనప పొయ్యి ఒకటుంది. దాని పొగగొట్టంలో, గాలి తగ్గించుకోడానికి తిరిగే రేకు. బయట పిడి తిప్పితే లోపల రేకు తిరగాలి. అది పాతబడి, పిడి తెరిచినట్టు కనిపించినా లోపల రేకు మూసుకునే ఉండేది. ఆవిరాయన పిడి తిప్పి, అరచేత్తో గొట్టం మీద రెండు దెబ్బలు వేసేవాడు. రేకు టక్కున పడేది. తొలి చలికాలమంతా రోజూ అదే పని. విప్పి బాగుచేద్దామని ఆయనకెప్పుడూ అనిపించలేదు. అదీ వరస! ఇనుము మొరాయిస్తే కొట్టి పని చేయించుకోవడమే ఆయన నేర్చిన విద్య.

రెండో చలికాలంలో ఉప్పు, అగ్గిపెట్టెలు, దీపంనూనె అయిపోయాయి. ఆవిడకి మోకాలు నొప్పి. ఆయన ఒక్కడే దిగాల్సి వచ్చింది, వెళ్ళి రావడానికి రెండు రోజులు. బయల్దేరేముందు డ్యూటీ అప్పజెప్పినట్టు అన్నీ అప్పజెప్పాడు. కోళ్ళ గూటి గడియ, ఊట దగ్గర జారే రాయి, ఎండు కట్టెలు ఏ వైపున్నాయో. ఇంకేమైనా ఉందా అని ఆవిడ అడిగింది. అంతా బాగానే ఉంది అన్నాడు.

గంటన్నర దిగాక నీళ్ళు తాగడానికి ఒక బండ మీద కూర్చున్నాడు. ఏమేం చెప్పానో అని వేళ్ళు మడుస్తూ లెక్క చూసుకుంటుంటే, ఆఖర్న తను అన్న మాట చెవుల్లో పడింది. సంచీ అక్కడే పారేసి పైకి పరిగెత్తాడు. యాభై నాలుగేళ్ళ మనిషి, ఆ ఎక్కుడు, కాళ్ళు నేల మీద ఆనలేదంటే నమ్మండి.

పొగగొట్టంలోంచి పొగ రావడం లేదు. చూరుకింద సందుల్లోంచి వస్తోంది. తలుపు నెట్టాడు. ఆవిడ తలనొప్పిగా ఉందని కిటికీలు మూసుకుని, జ్వరమేమో అనుకుని దుప్పటి కప్పుకుని పడుకుంది. పిలిస్తే పలకలేదు. చంకల్లో చేతులు వేసి బయటికి ఈడ్చి, మంచు పట్టిన గడ్డిలో పడేసి, పిచ్చివాడిలా చెంపలు తట్టాడు. చాలాసేపటికి ఆవిడ వాంతి చేసుకుని కళ్ళు తెరిచింది. ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

కాస్త తేరుకున్నాక ఏమైందని అడిగింది. రేకు సంగతి చెప్పాడు.

"రోజూ మీరు ఆ గొట్టాన్ని కొట్టేది ఇందుకా? నేనేదో మీ అలవాటనుకున్నాను," అంది. "మరి నాకు చెప్పలేదేం?"

"వాడికీ చెప్పలేదు," అన్నాడు.

ఆవిడకి ముందు అర్థం కాలేదు. తర్వాత ఆయన గాజుగొట్టం, సున్నం, స్పానరు, విచారణలో తెలియదన్న మాట, అన్నీ వరసగా చెప్పాడు. ఆయన జీవితంలో అంతసేపు మాట్లాడ్డం అదే మొదలు. ఇద్దరి మాటలూ మాట్లాడే ఆ మనిషి ఒక్క ముక్క అనలేదు. లేచి, తూలుతూ, ఇంటి వెనక కోళ్ళ గూడు దగ్గరికి వెళ్ళి కూర్చుంది. పొద్దు వాలేదాకా అక్కణ్ణించి కదల్లేదు. ఆయన దగ్గరికి వెళ్ళే ధైర్యం చెయ్యలేదు.

వచ్చినప్పుడు ఆవిడ మొహం ఆయన ఎరిగిన మొహం కాదు. పెళ్ళయ్యాక ఎన్నడూ ఏకవచనంలో పిలవని మనిషి, "నా తమ్ముడి మీద బెంగతో చిక్కిపోతున్నావనుకుని నీకు అన్నం కలిపి పెట్టాను," అంది. "నీ చేతికి తెలిసి నాకు తెలియనివి ఈ ఇంట్లో ఇంకా ఎన్నున్నాయో అన్నీ చెప్పు."

రెండు రోజులు పట్టింది. ఇల్లంతా, పెరడంతా, ఊట దాకా తిప్పింది. గొడ్డలి పిడి ఎక్కడ వదులైందో, గాలివానకి ఏ చెక్క లేస్తుందో, తలుపు గడియ ఎత్తి తిప్పాలో దించి తిప్పాలో, ఒక్కొక్కటీ నోటితో చెప్పించి, తన చేత్తో చేసి చూసింది. పొయ్యి గొట్టం విప్పించి, రేకు కొత్త మేకుతో బిగించేదాకా ఊరుకోలేదు. అన్నీ అయ్యాక, "ఇక నేనొక్కదాన్నీ ఇక్కడ బతకగలను. నువ్వెళ్ళి అమ్మకి చెప్పు. చెప్పకపోతే మళ్ళీ ఈ కొండెక్కకు," అంది.

అత్తగారు బస్ డిపో ఎదురుగా మేడ మీద ఒంటిగదిలో ఉంటుంది. కొడుకు పోయాక చూపు మందగించింది. అల్లుడొచ్చాడని కుర్చీ చూపించింది. ఆయన కూర్చోకుండానే చెప్పేశాడు. కింద బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. తిడుతుందనుకున్నాడు, కొట్టినా పడదామనుకున్నాడు. ఆవిడ చెంగుతో కళ్ళు అద్దుకుంది.

"రెండో బాయిలర్‌కి కూడా అదే జబ్బన్నావు కదా. దాని దగ్గర ఇప్పుడెవరున్నారు?" అంది.

"తెలీదత్తయ్యా."

"వాళ్ళకి చెప్పావా?"

ఆయనకి తల తీసేసినట్టయింది. ఈ రెండేళ్ళలో నిద్ర పోగొట్టుకున్నాడు, కొండెక్కాడు, భార్య ఏమంటుందోనని కుమిలాడు. ఈ ఒక్క ప్రశ్న మాత్రం తన్ను తాను వేసుకోలేదు.

"మరి ఇక్కడ కూర్చున్నావేం?" అంది అత్తగారు. ఆయన నిలబడే ఉన్నాడు. ఆవిడకి కనపడలేదు.

షెడ్డులో ఉన్నవాడు ఆవిరాయన కంటే పెద్దవాడు. చెప్పబోతే నవ్వి, నాకు తెలుసులేవయ్యా అని స్పానర్‌తో రెండు దెబ్బలు వేసి చూపించాడు. మిగతా షిఫ్టులవాళ్ళకి చెప్పావా అంటే, ఎవరూ అడగందే ఎందుకు చెప్తాను అన్నాడు. మేనేజరు షరా మామూలుగా వచ్చే వారం అన్నాడు. ఆవిరాయన కాగితం అడిగి తీసుకున్నాడు. విచారణలో అబద్ధం చెప్పానని రాసి, నాలుగేళ్ళ వచ్చే వారాలు కూడా అందులోనే రాసి, సంతకం పెట్టి, ఇది విచారణ చేసినవాళ్ళ ఆఫీసులో ఇవ్వబోతున్నానని చదివి వినిపించాడు. మేనేజరు మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆ మధ్యాహ్నమే మంట ఆర్పించారు. కాగితం మాత్రం ఆయన ఇచ్చే వచ్చాడు. పిలుస్తాం, వచ్చి నిలబడాలి అన్నారు. సరేనన్నాడు.

కుళాయి తనే విప్పాడు. చేతులు వణుకుతూనే ఉన్నాయి. నట్టు మూడుసార్లు కింద పడింది, మూడుసార్లూ వంగి తీసుకున్నాడు. సున్నమంతా గీకి, కడిగి, బిగించేసరికి సాయంత్రమైంది. మర్నాటిదాకా అక్కడే ఉండి, షిఫ్టు మారినప్పుడల్లా వచ్చినవాళ్ళని నిలబెట్టి, మూడు షిఫ్టులకీ అర్థమైందా అని అడిగి అడిగి చెప్పాడు. ఇంత వాగుడుకాయా ఇన్నాళ్ళూ మూగాడనుకున్నది అని వాళ్ళు నవ్వుకున్నారు.

పదో రోజున ఉప్పూ నూనే మోసుకుని కొండెక్కాడు. పొగగొట్టంలోంచి పొగ నిటారుగా వస్తోంది. ఆవిడ గుమ్మంలో అడ్డంగా నిలబడింది. ఆయన సంచీ దించలేదు.

"అమ్మ ఏమంది?"

అత్తగారు అడిగిన ప్రశ్న చెప్పాడు. అది విని ఆవిడ ద్వారబంధం పట్టుకుని ఏడ్చింది. తమ్ముణ్ణి తీసుకెళ్ళిన రోజు కూడా అంత ఏడవలేదు. ఆయనా ఏడ్చాడు, ఎదురుగా, అడుగు దూరంలో, దగ్గరికి వెళ్ళకుండా.

"మరి వాళ్ళకి చెప్పావా?" అంది చివరికి.

"చెప్పాను."

"ఎంతమందికి?"

"మూడు షిఫ్టులకీ."

ఆవిడ గుమ్మంలోంచి పక్కకి జరిగింది.