అత్తమ్మతో తెల్లచీర బేరం

ఖమ్మంలో ఆ పెళ్లిబట్టల దుకాణం ముందు ఆటో దిగి, చివరి అంతస్తు ఎక్కడుందా అని తలెత్తితే నా మెడ పట్టేసింది. ఇంకొన్ని అంతస్తులు మబ్బుల్లో ఉన్నాయని నా అనుమానం. మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలన్నీ తెచ్చి పేర్చినా లోపల ఒక మూల నిండదు. ఆ ఏసీకి మా దమ్మపేట ఎండాకాలం కూడా దుప్పటి అడుగుతుంది.

మా అత్తమ్మను మా అమ్మాయి బతిమాలి తీసుకొచ్చింది. మేం చర్చికి పోయేవాళ్లం. మా పెళ్లికూతుళ్లు తెల్లచీర కట్టి, ముసుగేసుకుంటారు. అత్తమ్మది అడవి పక్క ఊరు, ఆమె దేవతలు వేరు. "తెల్లగుడ్డ పోయినోళ్ల మీద కప్పుతం. బతికున్న పిల్లకు కడితే నేను చూడను, పెళ్లికి రాను" అని తేల్చేసింది. మా పెళ్లప్పుడూ ఇదే మాటన్నది, రాలేదు. పాస్టర్ ప్రమాణం చేయిస్తున్నంతసేపూ మా ఆవిడ గుమ్మం దిక్కే చూసింది. ఇప్పుడు అమ్మమ్మ రాకుంటే పెళ్లే వద్దని మా అమ్మాయి మొండికేసింది. తెల్లచీర మీద ఆశా చావలేదు. కళ్లతో చూస్తే ముసలామె మెత్తబడుతుందేమోనని మా ఆవిడతో సహా అందరం ఇంత దూరం వచ్చాం.

సేల్స్‌మన్ చీరలు పరిచాడు. పాల తెలుపు, వెన్న తెలుపు, ముత్యం తెలుపు. తెలుపుకు ఇంత చుట్టరికం ఉందని నాకిన్నేళ్లూ తెలియదు.

"ఏంది అల్లుడా, గింత పెద్ద ఇంట్ల ఒక్క ఎర్రచీర లేదా?" అంది అత్తమ్మ.

"కింది అంతస్తుల ఉన్నయట. దిగితే మళ్లీ ఎక్కలేం."

"నువ్వు ఎక్కలేవు. నేను గుట్టలెక్కినదాన్ని."

అంతలో అమ్మాయి చీర కట్టుకుని, ముసుగేసుకుని అద్దాల మధ్యకొచ్చింది. ఎటు చూసినా మా పిల్లే. ఒక ఊరు ఊరంతా మా పిల్లలే. అన్ని లైట్లు అక్కడ ఎందుకు పెట్టారో అర్థం కాలేదు, ఆర్పేసినా కనబడేది.

అత్తమ్మ లేచి వెళ్లి చెంగును వేళ్ల మధ్య నలిపి చూసింది.

"బరువుంది."

"వెండి జరీ అమ్మా" అన్నాడు సేల్స్‌మన్.

"పోయినోళ్ల మీద గింత బరువు కప్పరులే" అని ఆమె తనలో తాను అనుకుంది. మనవరాలి మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత బొడ్లోంచి చిన్న పొట్లం తీసింది. కొత్తబట్ట కట్టే ముందు మూలకు పసుపు పెట్టడం ఆమె ఇంట్లో ఎవరూ మానని పని. మేం వద్దనేలోపే వేలితో చెంగు మూలకు పసుపు రాసేసింది.

సేల్స్‌మన్ పరుగున వచ్చాడు. "అమ్మా, ఇంకా బిల్లు కాలేదు."

"బిల్లు మా అల్లుడు చూసుకుంటడు. పసుపు పెట్టినంక అది మా పిల్లది" అని మనవరాలి వైపు తిరిగింది. "చర్చికి ఎన్నింటికి రావాలె, బిడ్డా?"

మా ఆవిడ ఆ చీరలు పక్కకు తోసి వాళ్లమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఇంకోసారి అడుగమ్మా" అంది.